కుంపటి లారీలో రాయచోటికి

నేను కర్నూలు నుంచి రాయచోటికి పోయి వచ్చాను. బస్సులో కాదు, మామిడికాయల లారీలో, డ్రైవరు పక్క సీటులో. తిరిగి వచ్చి పది రోజులైంది. మా సంఘంలో ఆదివారం కూటానికి వచ్చే ఆడవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతే అడుగుతున్నారు. కొందరు దారి ఎలా ఉందని అడుగుతారు. ఎక్కువమంది, "నీకు సిగ్గు కాలేదా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి గొంతు నొచ్చింది. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది ముప్పై తొమ్మిదో ఏట. తప్పులుంటే దిద్దుకొని చదవండి. కోపం మాత్రం దిద్దవద్దు.

కర్నూలు

మా ఆయన దేవదానం పద్దెనిమిదేళ్ళు ఒక సర్కారు కచేరీలో గుమాస్తా. ఏ కచేరీ అన్నది రాయను. పైనుంచి ఇంగ్లీషులో వచ్చే ఉత్తరువులను తెలుగు చేసి ఊళ్ళకూ రోడ్డు గేట్లకూ పంపే నకళ్ళు రాయడం ఆయన పని. ఆయనవి ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అక్షరాలకు దక్కిన మర్యాద ఏమిటంటే, ప్రతి ఎండాకాలం పై అధికారి ఇంటికి బనగానపల్లె మామిడిపళ్ళు తెచ్చిపెట్టడం. పన్నెండు వేసవులు తెచ్చాడు. బస్సు చార్జీ మా ఆయనదే. గంప నెత్తిన పెట్టుకొని అధికారి ఇంటి పెరటి వాకిట్లో నిలబడితే, వంటమనిషి ఒక్కొక్క పండూ నొక్కి చూసి, మెత్తబడినవి ఏరి ఆయన కాళ్ళ దగ్గర పెట్టేది. పోయిన ఏడు, "ఈ గుమాస్తా చేయి మంచిది కాదు, వచ్చే ఏడు ఇంకొకరిని పంపమని చెప్తా" అన్నదట. ఆయన ఇంటికి వచ్చి చొక్కా అయినా విప్పకుండా, "మార్తా, లారీ కొంటాను" అన్నాడు.

పండు మెత్తబడితే గుమాస్తా చేయి చెడ్డదా? అది విని నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ నాకిచ్చిన రెండెకరాల నల్లరేగడి అమ్ముదామన్నది నేనే. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర పాత లారీ కొన్నాం. మా ఆయన ఖాసిం అనే డ్రైవరు దగ్గర ఆర్నెల్లు బండి నేర్చుకున్నాడు. లారీ కాగితాలు తెచ్చి, "ఈడ సంతకం పెట్టు" అన్నాడు. చదువుతానన్నాను. "నువ్వు కూడబలుక్కొని చదివేలోపల ఆఫీసు మూస్తారు" అన్నాడు. పెట్టాను. పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకోవలసి వస్తుందని అప్పుడు తెలియదు.

రాజీనామా కాగితం తీసుకొని పెద్ద గుమాస్తా నవ్వాడట. "నెలాఖరు దాకా ఇది ఈ సొరుగులోనే ఉంటాది. బండి నిలిచిపోతే వచ్చి తీసుకపో. మామిడి కాలం ఇంకా అయిపోలేదు గదా" అన్నాడట. ఈ దారి పొడుగునా నా కళ్ళ ముందు కదిలింది ఆ సొరుగే. మొదటి లోడు చెడిపోతే మా ఆయన మళ్ళీ గంప ఎత్తాలి.

యుద్ధం ముగిసింది గానీ పెట్రోలు ఇంకా రేషను చీట్ల మీదనే ఉంది. మా లారీ బొగ్గు మీద నడుస్తుంది. వెనుక మనిషంత ఎత్తు ఇనుప పీపా ఉంటుంది. దాంట్లో బొగ్గులు నింపి, అడుగున అంటించి, చేతితో పంకా తిప్పితే పొగ గ్యాసై ఇంజనుకు పోతుంది. బూడిద లాగాలి, వడపోత గుడ్డలు దులపాలి. జనం దీన్ని కుంపటి లారీ అంటారు. ఆ పనికి పుల్లన్న అనే మనిషిని కుదుర్చుకున్నాం. బయలుదేరే రోజు తెల్లవారుజామున వచ్చి పీపా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది కుంపటి పని. ఆడోళ్ళ పని. నేను లారీకి వస్తి గానీ పొయ్యి కాడికి రాల్యా" అని కండువా దులుపుకొని పోయాడు.

మా ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "ఇరవై ఐదేండ్లు కుంపటి ఊదినా. ఇది నాకు మండదా?" అని నేను పంకా పట్టుకున్నాను. పావుగంటకు నీలం మంట వచ్చింది. ఇంజను పలికింది.

ఓర్వకల్లు

ఓర్వకల్లు చేరేసరికి బారెడు పొద్దెక్కింది. ఇక్కడి రాళ్ళు చూడవలసినవే. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చుతూ మధ్యలో విసుగు పుట్టి వదిలిపోయినట్టుంటాయి. రోడ్డు పక్క కాఫీ హోటలు ఉంది. కాఫీ అణా, ఇడ్లీ అర్ధణా, చట్నీలో కారం మాత్రం లెక్కలేదు. మామిడిపళ్ళకు పోయే ప్రతి ఏడూ మా ఆయన అక్కడ ఆగేవాడు. "రాండయ్యా, రాండి" అని బెంచీ తుడిచి కూర్చోబెట్టి, గాజు గ్లాసులో కాఫీ ఇచ్చేవాడట ఆ హోటలాయన. ఈసారి మమ్మల్ని వాకిట్లోనే ఆపాడు.

"ఏమప్పా, కచేరీ ఇడిస్తివంటనే. లోపల బెంచీలు మసి అయితాయి. ఆ బండ మీద కూసోండి."

కాఫీ తగరపు గ్లాసుల్లో వచ్చింది. మా ఆయన, "నిజమే గదా, మసి ఉండాది" అని బండ మీద కూర్చోబోయాడు. మనిషి అదే మనిషి, కడుపు అదే కడుపు. చొక్కా మారితే పలకరింపు మారింది.

"బెంచీకి మసి అంటితే నేను తుడుస్తా. నీ మాటకంటింది ఎవరు తుడవల్ల?" అన్నాను.

హోటలాయన నా వంక చూడకుండా, "ఈమె నోరు గూడా బొగ్గుల మీదనే నడుస్తాదా?" అని మా ఆయనను అడిగాడు. లోపల కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను నిలబడే తాగాను. కాఫీ బాగుంది. ఆ సంగతి కూడా కోపంగానే రాస్తున్నాను.

బనగానపల్లె

పాణ్యం దగ్గర మలుపు తిరిగి కొంతదూరం పోతే ఇంగ్లీషు సర్కారు పోయి నవాబుగారి ఇలాకా వస్తుంది. మట్టి మారదు, తుమ్మచెట్లు మారవు. గేటు దగ్గర ఒక ముసలి జవాను లారీ చుట్టూ తిరిగి, పీపా పక్కన నన్ను చూసి, "సలాం అమ్మా" అని అడ్డకర్ర ఎత్తాడు. అంతే. ఈ సలాం గుర్తుంచుకోండి. ఇంకో గేటు సంగతి ముందు రాబోతున్నది.

మామిడితోట హుసేన్ సాహెబుది. పన్నెండేళ్ళుగా మా ఆయనను ఎరిగిన మనిషి. గంప అడుగున వరిగడ్డి, కాయల పైన వేపమండలు పరిపించి దగ్గరుండి ఎక్కించాడు. అక్కడి ఆచారం, లోడు కదలక ముందు తోటలో పండిన మొదటి పండు కోసి బండివాళ్ళకు తినిపిస్తారు. మా ఆయన చేతిలో ముక్క పెట్టి అన్నాడు.

"ఇన్నేండ్లు నా పండ్లు నువ్వు మోస్తివి, ఇంకెవరో తినిరి. ఈ పొద్దు నువ్వు తిను. బండి మీదిది పొద్దున కోసిన కాయ. నాలుగో దినం రాయచోటి సంత. ఆపొద్దుకు పసుపు తిరగల్ల. ఎండలో నిలబెడితివంటే రసమైపోతాది. ఈ లోడు బాగా చేరిస్తే ఈ ఏటి లోడులన్నీ నీవే. చెడితే నా మీద గుస్సా కావద్దు, ఇంకో లారీకిస్తా."

ఆయన ఇంటి ఆడవాళ్ళు పరదా అవతలి నుంచి నాకు కబురు పంపారు. లోపల నాకు జొన్నరొట్టె, పుంటికూర, అదే గోంగూర, పెట్టారు. మా ఇళ్ళలో పుంటికూర రాయిలాగా ముద్ద కడతాం. వాళ్ళు పలచగా చేసి నెయ్యి వేస్తారు. సాహెబు భార్య నా ముఖం మసి తన కొంగుతో తుడిచింది.

"రాయచోటి దాకా పోతాండావా? నేను ఈ తోటను చూసింది నిఖా అయిన ఏడు. కాయలు మాత్రం ప్రతి ఏడూ చూస్తాండా" అంది.

అంత మంచి సాహెబు, ఇంటి వెనుక తోటను ఆ తర్వాత ఒక్కసారీ ఆమెకు చూపలేదు. బయటికి వచ్చాక ఆయనతో ఆ మాట అనాలనుకున్నాను. లోడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అదీ నా మీద నాకు కోపమే.

నంద్యాల

మర్నాడు పొద్దున్నే నంద్యాలలో బొగ్గు కొన్నాం. నేను వడపోత గుడ్డలు దులుపుతుంటే, బొగ్గు బేరానికి ఆయన ఒక్కడే పోయాడు. రసీదు తెచ్చి సంతోషంగా చూపించాడు. బస్తాలెన్ని, తూకమెంత, అమ్మినవాడి దస్కతు అన్నీ ఉన్నాయి. రసీదు చాలా బాగుంది. రెండు మైళ్ళు పోయేసరికి లారీ దగ్గడం మొదలుపెట్టింది. నేను దిగి బస్తాలో చేయి పెడితే మోచేతి దాకా తడి. అమ్మినవాడు తూకం కోసం నీళ్ళు చల్లాడు. రెండు బొగ్గుముక్కలు తట్టి చూస్తే తెలిసేది. పొడిది ఖంగుమంటుంది, తడిది మట్టిగడ్డలా పలుకుతుంది. వంట చేసే ఏ ఆడదానికైనా తెలుసు.

"రసీదు ఉండాది గదా" అన్నాడు.

"రసీదు మండుతాదా?"

బొగ్గులన్నీ రోడ్డు పక్క బండ మీద ఎండబోశాం. మామిడిగంపల మీద ఎండ పడకుండా నా దుప్పటి కప్పాను. మహానంది కోనేట్లో మునిగి నడిచి వస్తున్న ఒక ముసలమ్మ, తడి జుట్టుతో, ఊటనీళ్ళ చెంబుతో మా దగ్గర కూలబడింది. అడగకుండానే బొగ్గులు తిరగేసింది. ఆళ్ళగడ్డ దాకా నడవాలట. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఆ దావనే పోతాండారు గదా, ఒక మూలన కూసుంటా" అంది.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "సరుకు లారీలో మనుషులను ఎక్కించగూడదవ్వా. రూలు."

"ఎవరు పెట్టినారు ఆ రూలు?" అన్నాను.

"పైనుంచి వచ్చింది" అన్నాడు.

ఆమె లేచి, చెంబులో నీళ్ళు కొంచెం నా చేతుల మీద పోసి, నడిచిపోయింది. లారీ కదిలాక ఆమెను దాటి పోయాం. నేను తల తిప్పుకున్నాను.

పొలిమేర గేటు

జిల్లా పొలిమేరకు కాస్త ఇవతల ఒక గేటు ఉంది. ఊరి పేరు రాయను. మిట్టమధ్యాహ్నం చేరాం. రోడ్డుకు అడ్డంగా వెదురు, పక్కన రేకుల పందిరి, దాని కింద చెవిలో పెన్సిలు పెట్టుకున్న గుమాస్తా. పందిరి వెనుక గదిలో ఆయన పైవాడు నిద్రపోతున్నాడు.

"ఎవురీమె?" అన్నాడు గేటు గుమాస్తా.

"నా భార్య. బొగ్గు పని చూస్తాది" అన్నాడు మా ఆయన.

"సరుకు లారీలో ఆడమనిషా? దింపు. రేపు పొద్దున బస్సు ఉండాది, ఆమె దాంట్లో వస్తాది. లేకుంటే లారీ గూడా ఈడనే ఉంటాది."

నేను లేకుండా కుంపటి చూసేదెవరు? కనుమ ఎక్కేటప్పుడు చక్రం వెనుక కట్టె వేసేదెవరు? ఆ మాటే అడిగాను. ఆయన పెన్సిలుతో పందిరి స్తంభం చూపించాడు. పలకకు అంటించిన కాగితం ఒకటి ఎండకు పసుపు తిరిగి ఉంది. "చదువు వస్తే చదువుకో" అన్నాడు.

చదివాను. "సరుకు లారీలలో ప్రయాణికులను ఎక్కించరాదు. కూలీలనెడి నెపమున గాని, మరి ఏ పని మీద గాని, స్త్రీలను ఎంతమాత్రమును ఎక్కించరాదు."

నేను ఏ రాతనైనా కూడబలుక్కొని చదువుతాను. దాన్ని మాత్రం తడుముకోకుండా చదివాను. ఎందుకంటే నేను అక్షరాలు దిద్దింది ఆ రాత మీదనే. కర్నూలులో మా పాస్టరమ్మగారు ఓనమాలు చెప్పారు. ఆ తర్వాత వాక్యాలన్నీ మా ఆయన కచేరీ కాగితాల వెనుక రాసి ఇచ్చినవి. ఆ గుండ్రటి సున్నలు, కొసన మెలి తిరిగిన ఆ కొమ్ములు ఈ లోకంలో ఇంకెవరివీ కావు.

"ఏమయ్యా, ఇది నీ రాతే గదా?"

ఆయన నేల చూశాడు. "పైనుంచి వచ్చింది రాసినా."

"అంతా పైనుంచే వచ్చిందా?"

తల ఎత్తకుండానే చెప్పాడు. "మొదటి ముక్కే పైనుంచి వచ్చింది. లారీలోళ్ళు ఆడోళ్ళను ఎక్కించుకొని కూలీలని చెప్తాండారు, ఏమి చేయల్ల అని గేట్లోళ్ళు ఊరికే రాసి పంపేటోళ్ళు. ఇంక ఆ ప్రశ్న తిరిగి రాకూడదని రెండో ముక్క నేనే చేర్చినా. పెద్ద గుమాస్తా శానా బాగుండాదన్నాడు."

బాగుండాదట. తన బల్ల మీదికి ఒక ప్రశ్న తిరిగి రాకూడదని, చేలకు పోయే కూలి ఆడవాళ్ళను జిల్లా అంతటా ఎండలో నడిపించాడు. బొబ్బలెక్కిన పాదాలతో ఆ ముసలమ్మ నడిచింది. ఈ రాత మీదనా నేను దిద్దుకున్నది! గేటు గుమాస్తాకు మాత్రం పండగైంది.

"రాసినోడే వచ్చినాడా? ఇంకేమి చెప్పల్ల నేను?" అని నవ్వుకుంటూ, లారీ ఆపినట్టు రాయడానికి మా కాగితాలు అడిగాడు. పైకి చదివాడు. "సొంతదారు, మార్తమ్మ, దేవదానం భార్య." ఆగి తలెత్తాడు. "ఈ మార్తమ్మ ఎవురు?"

"నేనే" అన్నాను. అని మా ఆయన వంక చూశాను. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"సర్కారు నౌకరీలో ఉన్నోని పేరున లారీ ఉండగూడదు. రాజీనామా ఒప్పుకొనేదాకా ఉండనీలే అని నీ పేరున పెట్టినా. చెప్పల్లనుకుంటి" అని గొణిగాడు.

నా నేల అమ్మి కొన్న లారీ నాదని నాకు చెప్పడం మరిచాడు. నా లారీ నేను ఎక్కకూడదని రాయడం మాత్రం ఏళ్ళ కిందటే మరవకుండా రాసి పెట్టాడు. ఇద్దరిలో ఎవరి మీద ముందు కోప్పడాలో తెలియక, ఎదురుగా ఉన్నవాడి మీదికి తిరిగాను.

"అప్పా, ఆ కాగితంలో ప్రయాణికులుండారు, కూలీలుండారు. సొంతదారు యాడుండాది, చూపీ."

గేటు గుమాస్తా లేచి స్తంభం దగ్గరికి పోయి మూడుసార్లు చదివాడు. "ఆడమనిషి లారీకి సొంతదారు అయ్యేది యాడన్నా ఉంటాదా?"

"నీ చేతిలోనే ఉండాది."

"అయితే వేలిముద్ర వెయ్యి. కాగితంలోది నువ్వో కాదో చూడల్ల" అని సిరా మెత్త ముందుకు తోశాడు.

"నా వేండ్లకు ఆ సిరా ఎందుకు, పొద్దున్నుంచీ మసి ఉండాది గదా. సంతకం పెడతా, కలం ఇయ్యి."

మూడుసార్లు పెట్టించాడు. మొదటి దాంట్లో 'మా' పెద్దదన్నాడు, రెండో దాంట్లో 'ర్త' వంకర అన్నాడు. చివరకు, పైవాడు లేచేదాకా ఉండమన్నాడు. మేము ఎండలో నిలబడ్డాం. లారీ ఎండలో నిలబడింది. కొంతసేపటికి వెనుక నుంచి తియ్యటి వాసన మొదలైంది. ఆ వాసన ఇంకా రెండు రోజులు రాకూడదు. మా ఆయన గంపల చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన పెదవులు ఎండిపోయాయి. అధికారి పెరట్లో వంటమనిషి ముందు ఎలా నిలబడేవాడో నాకు అప్పుడు కనిపించింది. జాలి కలగాలి. కలగలేదు.

పొద్దు వాలాక పైవాడు లేచి, కాగితాలు చూసి ఆవలించి, "పోనీలేప్పా" అన్నాడు. మా నాలుగు గంటలూ ఆ ఒక్క ఆవలింతకు పోయాయి.

కడప

గేటు నుంచి కడప దాకా నేను మా ఆయనతో మాట్లాడలేదు. "బొగ్గు", "బూడిద", "ఆపు", ఇవి తప్ప. తెల్లవారాక కడపలో మా సంఘంవాళ్ళు ఎరిగిన అక్కడి పాస్టరుగారింట ముఖం కడుక్కున్నాం. కర్నూలులో మాకు పొద్దున రొట్టె. ఇక్కడ రాగిసంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి. ముద్ద నమలకుండా మింగాలని వాళ్ళు నేర్పారు. పళ్ళతో కొరికినందుకు నవ్వారు.

ఆ ఇంటి పాస్టరమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, మొగుడితో ఎందుకు మాట్లాడటం లేదని అడిగింది. చెప్పాను. ఆమె ఏదో వాక్యం చూపించి శాంతపడమంటుందనుకున్నాను.

"మా ఇంట్లోనూ ఇంతే. ఆవు నా పేరున కొన్నాడని అది చచ్చినంక తెలిసె. ఏడవల్లనో నవ్వల్లనో తెలీక నాలుగు దినాలు పాలు లేకుండా కాఫీ పోసినా" అంది.

ఇద్దరం నవ్వాం. నా కోపం మాత్రం తగ్గలేదు.

గువ్వలచెరువు కనుమ

కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కాలి. బొగ్గు గ్యాసుకు దమ్ము తక్కువ. మొదటి మలుపులోనే లారీ ఆయాసపడింది. నేను అడ్డుకట్టె తీసుకొని దిగాను. నాలుగడుగులు కదలడం, చక్రం వెనుక కట్టె పెట్టడం, మళ్ళీ నాలుగడుగులు. కట్టెలమోపులు నెత్తిన పెట్టుకొని పోతున్న నలుగురు ఆడవాళ్ళు నడకలో మా లారీని దాటిపోయి, వెనక్కి తిరిగి చూశారు.

"ఈ దయ్యం బండికి మొగోళ్ళు ల్యారామ్మా?" అంది అందరిలో పెద్దామె.

"ఒకడుండాడు. లోపల కూసొని తిప్పుతాండాడు."

వాళ్ళు పగలబడి నవ్వారు. అంతలో కట్టె జారింది. లారీ ఒక బారెడు వెనక్కి వచ్చింది. నేను పడుకున్నట్టు వంగి కట్టెను మళ్ళీ తోశాను. మణికట్టు కమిలిపోయింది. పైన గంపలు కిర్రుమన్నాయి. లోపలి నుంచి ఆయన, "మార్తా, మార్తా" అంటున్నాడు. బ్రేకు మీద నుంచి కాలు తీస్తే లోడు లోయలో ఉంటుంది. ఆ నలుగురూ మోపులు కింద పడేసి వచ్చి భుజాలు ఆనించారు. ఎవరూ పిలవలేదు. పై మలుపు దాకా నెట్టారు. అక్కడ ఊపిరి తీసుకుంటూ పెద్దామె అడిగింది.

"మాది రాయచోటి దావలోనే. ఎక్కించుకుంటావా?"

"ఎక్కండి" అన్నాను.

మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రూలు..."

"ఏ రూలు? పైనుంచి వచ్చిందా, నీలో నుంచి వచ్చిందా?"

ఆయన తల లోపలికి పోయింది. వాళ్ళు గంపలకు తగలకుండా వెనుక పలక మీద మోపులతో సహా కూర్చున్నారు. వాళ్ళ పల్లె వచ్చేదాకా నన్నూ, లారీనీ, మా ఆయననూ పేరుపేరునా వెక్కిరించారు.

రాయచోటి

సంత రోజు పొద్దున గంపలు విప్పాం. పైవరసలో, గేటు దగ్గర ఎండ పడిన వైపు రెండు గంపలు మెత్తబడ్డాయి. మిగతావన్నీ పసుపు తిరిగి, తొడిమ దగ్గర కొంచెం పచ్చగా, సాహెబు చెప్పినట్టే ఉన్నాయి. మండీ వ్యాపారి ఒకటి కోసి తిని, వేళ్ళు నాకి, ఇంకొకటి కోశాడు. "సాహెబుకు రాసిస్తా, ఈ లారీకే ఇయ్యమని" అన్నాడు. మా ఆయన గంప అంచు పట్టుకొని కూర్చుండిపోయాడు.

మెత్తబడిన రెండు గంపలను ఎవరి కాళ్ళ దగ్గరా పెట్టలేదు. సంతలో కూర్చున్న కూలివాళ్ళకు పంచాం, మేమూ మోచేతుల దాకా కారేట్టు తిన్నాం. మెత్తబడిన పండంత తీపి పండు ఇంకొకటి లేదు. పన్నెండేళ్ళు ఆ అధికారి ఇంట్లోవాళ్ళు వద్దన్నది దాన్ని.

వ్యాపారి చీటీ రాసి, "సొంతదారు దస్కతు పెట్టల్ల ఈడ" అని మా ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని నా వైపు తిప్పి, కలం ఇచ్చి, "చదివి పెట్టు" అన్నాడు.

కూడబలుక్కొని చదివాను. చీటీ చిన్నదే గానీ నేను చదివేసరికి చాలాసేపు పట్టింది. వెనుక బండ్లవాళ్ళు అరుస్తున్నారు. వ్యాపారి రెండుసార్లు మా ఆయన వంక చూశాడు. ఆయన చీటీ ఎగరకుండా అంచు పట్టుకున్నాడు. నేను చివరి మాట దాకా చదివి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడాను, ఉప్పు తక్కువైందని.

మళ్ళీ గేటు

చింతపండు బస్తాలతో తిరిగి వచ్చాం. దారులు రెండు లేవు. గేటు గుమాస్తా మమ్మల్ని చూసి పందిరిలోంచి లేచి వచ్చాడు. ముఖం వెలుగుతున్నది.

"రామ్మా, సొంతదారమ్మా. ఇప్పుడు చదువు."

కాగితం అడుగున, వేరే సిరాతో, వేరే చేతి రాతతో కొత్త ముక్క ఉంది. "లారీ సొంతదారైనను సరే."

నేను మనిషినని ఒక్క పూట నిరూపించుకుంటే, ఆ సందు కూడా మూశాడు. మా ఆయన దిగి వచ్చాడు. ఆ ముక్కను వేలితో పట్టి చూశాడు.

"దీని కింద దస్కతు లేదు, తేదీ లేదు. ఇది పైనుంచి వచ్చిందా?"

"రాకుంటే ఏమప్పా? నువ్వు రాసింది వచ్చిందా?" అన్నాడు గేటు గుమాస్తా.

నిజం చెప్పాలంటే ఆ మాట న్యాయమైనదే. పద్దెనిమిదేళ్ళలో మా ఆయన చేసిన పనినే ఈ గుమాస్తా చేశాడు. అందుకే నాకు మరింత మండింది. వెనక్కి పోయి పీపా మూత మీద కుడి బొటనవేలు రుద్దాను. వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాను.

"మొన్న నా వేలిముద్ర అడిగితివి గదా, తీసుకో."

కొత్త ముక్క మీద ఒకటి నొక్కాను. దాని పైన, మా ఆయన ముత్యాల అక్షరాల మీద, "స్త్రీలను" అన్నచోట ఇంకొకటి నొక్కాను.

గేటు గుమాస్తా చెవిలోని పెన్సిలు కింద పడింది. "అది సర్కారు కాగితం. మీ కచేరీకి రాస్తా ఈ సంగతి. ఏమప్పా, చూస్తాండావా నువ్వు?"

మా ఆయన చూస్తూనే ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన జేబులోంచి కలం తీశాడు. చదువురానివాళ్ళు వేలిముద్ర వేసినప్పుడు పక్కన అది ఎవరిదో రాసి, రాసినవాడు సంతకం పెట్టడం కచేరీల ఆచారం. పద్దెనిమిదేళ్ళు ఎందరి వేళ్ళ పక్కనో ఆయన అలా రాశాడు. నా వేలి పక్కన కూడా, తొందర లేకుండా, గుండ్రంగా రాశాడు. "ఇది లారీ సొంతదారు మార్తమ్మ వేలిముద్ర. రాసినవాడు దేవదానం."

కలం మూత పెట్టి అన్నాడు. "రాయప్పా, మా కచేరీకి రాయి. పెద్ద గుమాస్తా సొరుగులో నా రాజీనామా కాగితం ఒకటి ఉండాది, దాన్ని బయటికి తీసి పైకి పంపమని గూడా అందులోనే రాయి."

తర్వాత పోయి, నేను చెప్పకుండానే కుంపటి పంకా పట్టుకున్నాడు. తిప్పడం రాలేదు, పొగంతా ముఖాన కొట్టింది. గేటు ఎత్తడానికి ఎవరూ రాలేదు. నేనే పోయి ఎత్తాను. ఆ వెదురు మీద నా పది వేళ్ళూ పడ్డాయి.